కొత్త నియాన్ చేపలు వచ్చాక అక్వేరియం టాంకంతా తెల్లచుక్కలు, ఒక మోలీ మూతికి బూజు: ఏం చెయ్యాలి?

చేపలపిచ్చి (ఎంవీపీ కాలనీ) | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా టాంకు 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. పెట్టి ఏడాది దాటింది, ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఏంజెల్స్ రెండు, మోలీలు నాలుగు, కోరీలు మూడు, ఒక సక్కర్ ఉన్నాయి. పోయిన ఆదివారం పది నియాన్ టెట్రాలు తెచ్చి వదిలాను. బుధవారం ఒక నియాన్ తోక మీద ఉప్పు రవ్వంత తెల్లచుక్క కనిపించింది. ఇవాళ్టికి ఏంజెల్స్ రెక్కల నిండా అవే. చేపలన్నీ లోపలున్న చెక్కమొద్దుకి (డ్రిఫ్ట్‌వుడ్) ఒళ్లు రాసుకుంటున్నాయి. రెండు నియాన్లు పోయాయి. ఒక మోలీ పైకి వచ్చి మూలన నిలబడిపోయింది, తిండి ముట్టడం లేదు.

షాపులో చెబితే బ్లూ మందు (మిథిలీన్ బ్లూ) సీసా ఇచ్చి, నీళ్లు సిరా రంగు వచ్చేదాకా పొయ్యమన్నారు. సీసా చేతిలో పట్టుకునే ఈ పోస్టు రాస్తున్నాను. పొయ్యమంటారా? హీటర్ లేదు, వైజాగ్‌లో అవసరమేముందని కొనలేదు. ఫొటోలు జతచేశాను.

గాజువాక_గప్పీ | రాత్రి 9:52

బ్లూ మందు పక్కన పెట్టన్నా. ఇది ఇక్, అదే వైట్ స్పాట్ రోగం, డౌటే లేదు. రేపు పొద్దున్నే హీటర్ కొను, 30 డిగ్రీలు పెట్టు, రాళ్ల ఉప్పు వెయ్యి, ఎయిర్ పంపు ఫుల్లుగా తిప్పు. నా టాంకులో ఒకసారి వచ్చింది, చుక్క మందు వాడకుండా పోయింది.

చెరువుగట్టు (ఊరు భీమవరం, ఉండేది పెందుర్తి) | రాత్రి 10:15

వైట్ స్పాటా? అయితే ఆశ వదిలేసుకోండి సార్. మా మావయ్య వాళ్ల రొయ్యల చెరువులో వైట్ స్పాట్ పడిందంటే వారం తిరక్కుండా చెరువు ఖాళీ. మందే లేదు దానికి. టాంకు తోడేసి, బ్లీచింగ్ కొట్టి, ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టుకోవడమే.

మేష్టారు_మద్దిలపాలెం | రాత్రి 10:48

తోడెయ్యకండి బాబూ, ఆగండి! రొయ్యలకి వచ్చేది వైరస్. 1990ల మధ్యలో మన కోస్తా చెరువుల్ని ఊడ్చేసింది అదే, దానికి ఇప్పటికీ మందు లేదన్నది నిజమే. అది మంచినీటి చేపలకి ఈ చుక్కలు పుట్టించదు. ఇక్కడ కనిపిస్తున్నది ఇక్థియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి, ఒంటి చుట్టూ సన్నటి నూగుతో ఈదే పరాన్నజీవి. దీన్ని వదిలించొచ్చు. కాకపోతే దాని లెక్క తెలిసి వదిలించాలి.

మనకి కనిపించే చుక్క చేప చర్మం పైన ఉండదు, పైపొర కింద దూరి తింటూ పెరుగుతుంది. అక్కడ ఉన్నంతసేపూ ఏ మందూ దాన్ని తాకదు. పెరిగాక చేపని వదిలి కిందికి రాలి, గులకరాళ్ల మీదో ఆకుల మీదో గూడు కట్టుకుంటుంది. ఆ గూటికీ మందు ఎక్కదు. లోపల చీలి చీలి వందల పిల్లలవుతుంది, ఒక్కోసారి వెయ్యి దాకా. అవి గూడు చీల్చుకుని బయటికొచ్చి ఈదుతూ చేపని వెతుక్కుంటాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చాలామటుకు చస్తాయి. ఉప్పయినా మందయినా పని చేసేది ఈ ఈత దశలోనే. అంటే మనం చేప ఒంటి మీదున్న చుక్కకి వైద్యం చెయ్యడం లేదు, రేపు పుట్టబోయే దాని కోసం నీళ్లలో కాపు కాస్తున్నాం.

గప్పీ చెప్పిన వేడి కూడా అందుకే. 30 డిగ్రీల దగ్గర ఈ చక్రం మూడు నాలుగు రోజుల్లో తిరుగుతుంది, 25 దగ్గర వారం దాకా పట్టొచ్చు, చలి ప్రాంతాల్లో వారాలు సాగుతుంది. 30 దాటితే ఇక్‌లో చాలా రకాలకి పునరుత్పత్తే ఆగిపోతుంది.

ఒక్క విషయం. మూడో ఫొటోలో మోలీ మూతి నాకు నచ్చలేదు. దగ్గర నుంచి ఇంకో ఫొటో పెట్టండి. అమోనియా, పీహెచ్, పొద్దుటి ఉష్ణోగ్రత కూడా చెప్పండి. అప్పటిదాకా ఏదీ పొయ్యొద్దు.

గాజువాక_గప్పీ | రాత్రి 11:02

మేష్టారు గారూ, ఈ ఇక్ అన్నది ప్రతి టాంకులోనూ ఎప్పుడూ ఉంటుందని, చేప నీరసపడితే బయటపడుతుందని అంటారు కదా?

మేష్టారు_మద్దిలపాలెం | రాత్రి 11:10

అంటారు గానీ, చేప లేకుండా ఇది బతకలేదు. ఎక్కడి నుంచో రావాలి: కొత్త చేపతోనో, చేపలున్న తొట్టిలోంచి తెచ్చిన మొక్కతోనో, తడి వలతోనో. ఒకసారి వచ్చాక పైకి కనిపించకుండా మొప్పల్లో కొద్దిగా మిగిలిపోవచ్చు. ఎప్పుడో పాత టాంకులో హఠాత్తుగా వచ్చిందనుకునేది చాలాసార్లు అలా మిగిలిందే.

చేపలపిచ్చి | శనివారం ఉదయం 7:20

రాత్రి ఇంకో నియాన్ పోయింది. కిట్‌తో చూశాను: అమోనియా 0.5, పీహెచ్ 7.8. పొద్దున 6 గంటలకి నీళ్లు 23 డిగ్రీలు. మాది అపార్ట్‌మెంటు, జీవీఎంసీ (కార్పొరేషన్) నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. మోలీ ఫొటో పెట్టాను. మూతి చుట్టూ తెల్లగా బూజులా ఉంది, వీపు రెక్క కింద రెండు పక్కలా రంగు వెలిసినట్టు బూడిదరంగు పట్టీ ఉంది. ఊపిరి చాలా వేగంగా తీస్తోంది.

లలిత_సీతమ్మధార | ఉదయం 8:05

గుడ్ మార్నింగ్. ఆ మోలీది ఇక్ కాదండీ. చూడ్డానికి ఫంగస్ అనిపిస్తుంది, ఫంగస్ కూడా కాదు. కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. ఫంగస్ అయితే దూది పోగులు పొడవుగా నీళ్లలో ఊగుతాయి. ఇది పొట్టిగా, చదునుగా పాకుతుంది, అంచుల్లో కొద్దిగా పసుపో ఎరుపో కనిపిస్తుంది. వీపు మీద జీను వేసినట్టుండే ఆ పట్టీ దీని గుర్తుల్లో ఒకటి.

గప్పీ గారూ, ఇక్కడే మీ 30 డిగ్రీలతో చిక్కు. ఇక్‌కి వేడి మనకి కలిసొస్తుంది, కాలమ్నారిస్‌కి వేడి దానికి కలిసొస్తుంది. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ చేపని చంపే వేగం పెరుగుతుంది. 30కి పెట్టి పడుకుంటే పొద్దున్నకి మోలీతో పాటు పక్కవాటిక్కూడా అంటుకుని ఉండొచ్చు.

అమోనియాని కూడా తక్కువగా చూడకండి. అమోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ 7 దగ్గర అర శాతం ఉంటే, 8 దగ్గర 5 శాతం దాకా ఉంటుంది. వేడి పెంచితే ఇంకా పెరుగుతుంది. పది చేపలు ఒకేసారి చేరాయి, చచ్చినవి రాళ్ల సందున ఎంతసేపున్నాయో తెలీదు. ఫిల్టర్‌లో అమోనియాని తినేసే మంచి బ్యాక్టీరియా ఆ భారానికి ఇంకా అలవాటు పడలేదు. ముందు నీళ్లు మార్చండి, మందు తర్వాత.

గాజువాక_గప్పీ | ఉదయం 8:21

అక్కా, ఒక్క మోలీ కోసం టాంకు మొత్తాన్ని చలిలో ఉంచితే ఇక్ అన్నిటినీ తినేస్తుంది. 23 డిగ్రీల్లో దాని చక్రం తిరిగేసరికి సంక్రాంతి వస్తుంది. ఏంజెల్స్ మొప్పల్లోకి దిగితే ఎవరు కాపాడతారు?

లలిత_సీతమ్మధార | ఉదయం 8:40

చలిలో ఉంచమనడం లేదు తమ్ముడూ. మోలీని బయటికి తియ్యమంటున్నాను. రెండు రోగాలకి రెండు చోట్ల వైద్యం. ఒకే నీళ్లలో రెండూ చూసుకుందామంటే రెండూ చెడతాయి.

మోలీని 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో వేసి ఎయిర్ స్టోన్ పెట్టండి, హీటర్ వద్దు. మోలీలు ఉప్పుని బాగా తట్టుకుంటాయి కాబట్టి లీటరుకి 3 గ్రాముల లెక్కన 60 గ్రాములు, మూడు నాలుగు విడతలుగా కలపండి. రోజూ సగం నీళ్లు మార్చి, మార్చిన నీళ్లకి సరిపడా ఉప్పే కలపాలి. మీ బ్లూ మందు కూడా ఇక్కడ వాడుకోవచ్చు, సీసా మీదున్న డోసులో. పెద్ద టాంకులో మాత్రం వద్దు. మొక్కలు పాడవుతాయి, అద్దాల అతుకుల్లోని సిలికాన్ నీలమైపోతుంది, అసలే కుంటుతున్న ఫిల్టర్ బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

నిజం చెప్పాలంటే మోలీ దక్కే అవకాశం తక్కువ. దాన్ని తీసేది మిగతావాటి కోసం.

కంచరపాలెం_కుర్రోడు | ఉదయం 9:15

మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ దొరుకుతుంది. రెండు విప్పి టాంకులో పోసెయ్ అన్నా, బ్యాక్టీరియా దెబ్బకి ఔట్.

లలిత_సీతమ్మధార | ఉదయం 9:31

వద్దు తమ్ముడూ. వాళ్ల సంపులో బోరు నీళ్లున్నాయి, కఠినత్వం ఎక్కువే ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం టెట్రాసైక్లిన్‌ని పట్టేసుకుంటాయి, చేపకి అందేది కొంచెమే. ఫిల్టర్ మాత్రం దెబ్బతింటుంది, అమోనియా ఇంకా ఎక్కుతుంది. పైగా డోసు తెలియకుండా యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి డ్రైనేజీలోకి వదలడం మంచి అలవాటు కాదు. తిండి తినే చేపకి మేతలో కలిపి పెట్టడం వేరే సంగతి, ఈ మోలీ తినడమే మానేసింది.

మేష్టారు_మద్దిలపాలెం | ఉదయం 10:05

లలితమ్మ చెప్పింది సబబు. పెద్ద టాంకు సంగతి నేను చెబుతాను.

మీ కొలతల ప్రకారం నాలుగున్నర ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, మొత్తం 127. రాళ్లూ, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 110 లీటర్లు అనుకోండి. మందు లెక్క దీని మీదే వెయ్యాలి. చాలామంది కంటిచూపుతో పోస్తారు, సగం చావులు అక్కడే.

ఈరోజు మూడో వంతు నీళ్లు మార్చండి. రాళ్ల మధ్య సిఫన్ బాగా లాగండి, గూళ్లు కట్టుకునేది అక్కడే కాబట్టి లాగినకొద్దీ శత్రువు తగ్గుతాడు. కొత్త నీళ్లకి యాంటీ క్లోరిన్ తప్పనిసరి. షాపులో అమ్మే ఆ స్ఫటికాలు హైపోనే, సోడియం థయోసల్ఫేట్. వేడి రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున 28 దాకా చాలు, 30 వద్దు. మిగతా చేపల మీద కాలమ్నారిస్ కనిపిస్తే అక్కడే ఆపెయ్యాలి. 110 లీటర్లకి 150 వాట్ల హీటర్ సరిపోతుంది. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకండి, నీళ్లు తీసేటప్పుడు హీటర్ గాలిలో వెలగకూడదు.

ఉప్పు లీటరుకి 1 గ్రాము మించొద్దు. కోరీలు, నియాన్లు, సక్కర్ ఉన్నాయి కాబట్టి ఉప్పు ఒక్కదాని మీద ఆధారపడి లాభం లేదు. మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన ఇక్ మందు తెచ్చుకుని, సీసా మీదున్న డోసులో సగం వెయ్యండి. కోరీ, సక్కర్ లాంటి మామూలు పొలుసుల్లేని చేపలు, టెట్రాలు పూర్తి డోసుని తట్టుకోలేవు. మధ్యలో రోజు వదిలి రోజు, ప్రతిసారీ పావు వంతు నీళ్లు మార్చాకే. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసెయ్యండి, లేదంటే మందంతా అది మింగుతుంది. మలకైట్ గ్రీన్ వెలుతురికి విరిగిపోతుంది, అందుకని రాత్రి లైటు ఆర్పాక వెయ్యండి. చేతికి గ్లౌజు తప్పదు. తినే చేపల చెరువుల్లో దీని వాడకాన్ని నిషేధించింది ఊరికే కాదు.

చెరువుగట్టు | ఉదయం 10:30

మేష్టారూ, మా చెరువుల దగ్గర ఫార్మలిన్ డ్రమ్ములు డ్రమ్ములు చూశాను గానీ ఈ సగం డోసు లెక్క ఇప్పుడే వింటున్నా. సార్, తోడెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా 😀

చేపలపిచ్చి | శనివారం రాత్రి 10:10

అన్నీ చేశాను. మోలీ టబ్బులో ఉంది. హీటర్ వచ్చింది, ఇప్పుడు 25. సగం డోసు వేశాను. సిఫన్‌లో వచ్చిన చెత్త చూస్తే ఇన్నాళ్లూ ఇవి ఇందులోనే ఈదాయా అనిపించింది.

చేపలపిచ్చి | మంగళవారం సాయంత్రం 6:30

మోలీ ఆదివారమే పోయింది. మిగతా మోలీల మీద బూజు కనిపించలేదు. అసలు టెన్షన్ వేరే. నిన్న ఏంజెల్స్ ఒళ్లు శుభ్రంగా అయిపోయింది, ఒక్క చుక్క లేదు, మా ఇంట్లో అందరం తెగ సంబరపడ్డాం. ఇవాళ చూస్తే ముందుకంటే రెట్టింపు ఉన్నాయి! కోరీలకి కూడా వచ్చాయి. మందు పని చెయ్యడం లేదు. ఫుల్ డోసు వేసెయ్యమంటారా?

మేష్టారు_మద్దిలపాలెం | సాయంత్రం 6:44

వెయ్యకండి. ఇది రావలసిందే. నిన్న చుక్కలు పోయింది రోగం తగ్గి కాదు, అవి పెరిగి కిందికి రాలి. మొదటి డోసుకి ముందే చర్మంలో దూరిన పిల్లలు ఇప్పుడు కంటికి కనిపించే సైజుకి వచ్చాయి. ఈ రెండో దెబ్బ దగ్గరే చాలామంది కంగారుపడి మందు మారుస్తారు, లేదా రెట్టింపు వేస్తారు. చేపలు ఇక్‌కి కాక మందుకి చస్తాయి. అదే సగం డోసు, అదే క్రమం. మూడోసారి చుక్కలు తగ్గితే మనం దారిలో ఉన్నట్టు.

ఇప్పుడు ఉష్ణోగ్రత ఎంత? ఊపిరి ఎలా తీస్తున్నాయి?

చేపలపిచ్చి | సాయంత్రం 7:02

28. సక్కర్ మధ్యమధ్యలో పైకి పరిగెత్తి గాలి గుటక వేసి వస్తోంది. ఏంజెల్స్ పైన ఫిల్టర్ నీళ్లు పడే చోటే ఉంటున్నాయి.

లలిత_సీతమ్మధార | సాయంత్రం 7:15

ఆక్సిజన్ చాలడం లేదు. సక్కర్‌కి పైకి వచ్చి గాలి మింగే అలవాటు మామూలుగానే ఉంటుంది గానీ, ఏంజెల్స్ కూడా చేరాయంటే సందేహం లేదు. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ నిలుస్తుంది, 30కి వచ్చేసరికి ఏడున్నరే. ఫార్మలిన్ ఇంకొంత తినేస్తుంది. ఇక్ ఉన్న మొప్పలు ఆ ఉన్నదాన్ని కూడా సరిగ్గా తీసుకోలేవు. ఇంకో ఎయిర్ స్టోన్ వెయ్యండి, ఫిల్టర్ నీళ్లు కాస్త ఎత్తు నుంచి పడేలా చెయ్యండి. మేత రెండు రోజులకోసారి చిటికెడు చాలు, ఆ మాత్రం ఆకలికి ఏ చేపా చావదు.

కంచరపాలెం_కుర్రోడు | సాయంత్రం 7:40

కరెంటు పోతే ఏటి చేస్తారు మరి? బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తెచ్చి పెట్టుకో అన్నా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ అప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. మా నాన్న, నేను మగ్గుతో నీళ్లు తోడి తోడి పైనుంచి పోస్తూ కూర్చున్నాం. ఊళ్లో చెట్టన్నది నిలబడలేదు గానీ మా గోల్డ్ ఫిష్‌లు నిలబడ్డాయి.

పాత_సముద్రం (మర్రిపాలెం) | రాత్రి 8:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇంత కథా ఆ కొత్త నియాన్ల వల్లే కదా, షాపువాళ్లని ఎవరూ ఏమీ అనరేం? జబ్బు చేపలు అంటగట్టి పైగా బ్లూ మందు కూడా అమ్మారు.

లలిత_సీతమ్మధార | రాత్రి 8:52

అనొచ్చు. కానీ షాపు టాంకులో అప్పటికి చుక్క కనిపించి ఉండకపోవచ్చు. ఇక్కడ దొరికే రంగు చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో కవర్లలో ప్రయాణం చేసి వస్తాయి. దిగిన రోజునే కొంటే ఆ అలసటతోనే మన ఇంటికి వస్తాయి. నేను షాపువాళ్లని "ఎప్పుడు దిగాయి" అని అడిగి, వారం దాటిన లాటులోంచే తీసుకుంటాను. అదే టాంకులో ఒక్క చచ్చిన చేప ఉన్నా కొనను. ఎంత ముద్దొచ్చినా సరే.

చేపలపిచ్చి | తర్వాతి ఆదివారం ఉదయం 9:00

మేష్టారు గారి మాటే నిజమైంది. మూడోసారి ఏంజెల్స్ మీద అక్కడక్కడా నాలుగైదు చుక్కలే వచ్చాయి, నిన్నటి నుంచి అవీ లేవు. నియాన్లు ఐదు మిగిలాయి. కోరీలు మూడూ క్షేమం. అమోనియా సున్నా. కార్బన్ మళ్లీ పెట్టెయ్యనా?

మేష్టారు_మద్దిలపాలెం | ఉదయం 9:35

అప్పుడే కాదు. చివరి చుక్క మాయమయ్యాక ఇంకో వారం అదే క్రమం నడిపించండి. ఎక్కడో రాయి కింద ఆలస్యంగా చీలే గూడు ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికి వస్తుంది. తర్వాత సగం సగం చొప్పున నీళ్లు మార్చి కార్బన్ పెట్టండి, వేడి మెల్లగా తగ్గించండి. బతికి బయటపడ్డ చేపలకి ఇక్ మీద కొంత రోగనిరోధక శక్తి వస్తుంది, అందుకని కొన్నాళ్లు ఇవి గట్టిగానే ఉంటాయి. కొత్తగా తెచ్చేవాటికి ఆ రక్షణ ఉండదు, గుర్తుంచుకోండి.

గాజువాక_గప్పీ | ఉదయం 10:10

అందుకే ఆ టబ్బుని అటకెక్కించకన్నా. చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఒకటి ఇప్పట్నుంచే పెద్ద టాంకులో ఒక మూల తిరగనీ. కొత్త చేప కొన్న రోజున దాన్ని తీసి టబ్బులో పెడితే బ్యాక్టీరియా రెడీగా ఉంటుంది. నెల రోజులు అక్కడుంచి, తిండి తింటూ హుషారుగా ఉంటేనే లోపలికి. టబ్బుకి వల వేరు, మగ్గు వేరు. కాలమ్నారిస్ పడ్డ టబ్బు కాబట్టి ముందు బ్లీచింగ్‌తో కడిగి ఎండలో ఆరబెట్టు, ఈ ఒక్క చోట చెరువుగట్టు గారి సలహా పనికొస్తుంది 😀

చెరువుగట్టు | ఉదయం 10:25

థాంక్స్ తమ్ముడూ, మొత్తానికి నాకూ ఒక ఉద్యోగం దొరికింది. ఇంకో మాట. బతకదనుకున్న చేపనో, పెరిగిపోయిన సక్కర్‌నో పుణ్యమని తీసుకెళ్లి ముడసర్లోవ రిజర్వాయర్లోనో మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లోనో వదలకండి సార్, దండం పెడతా. మా వైపు చెరువుల్లో సక్కర్లు వలకి పడుతున్నాయి. వాటి ముళ్లకి వల చిరుగుతుంది, కొనేవాడు ఉండడు, గట్లు తొలిచేస్తాయి.

చేపలపిచ్చి | ఉదయం 11:05

మా సక్కర్ ఎక్కడికీ పోదు లెండి, మా అమ్మాయి పేరు కూడా పెట్టేసింది. ఒక డౌటు. టాంకులోంచి తీసిన ఈ మందు నీళ్లు బాల్కనీ కుండీలకి పొయ్యొచ్చా? ఇదివరకు వాటర్ చేంజ్ నీళ్లన్నీ మా ఆవిడ కరివేపాకుకే పోసేది.

లలిత_సీతమ్మధార | ఉదయం 11:20

వద్దండీ, మరీ కరివేపాకుకి అసలే వద్దు. మీరు తినే మొక్క అది. మలకైట్ గ్రీన్, ఉప్పు రెండూ ఉన్నాయి అందులో. కార్బన్ పెట్టి నీళ్లు తేటపడి, రెండు మూడు సార్లు మార్చేదాకా బాత్రూమ్ డ్రెయిన్‌లోకే పొయ్యండి. ఆ తర్వాత మళ్లీ మేడం గారికి అప్పజెప్పెయ్యండి.